రెండు కంటైనర్ యార్డులు, పదకొండు టీలు

పోర్టులో కంటైనర్లు పేర్చి ఉంచే యార్డుకి నేను మార్కులు వేసేది టీలతో. గేటు బయట లైన్లో బండి పెట్టినప్పటి నుంచి బాక్సు, అంటే కంటైనరు, దింపో ఎక్కించుకునో బయటపడేదాకా ఎన్ని టీలు తాగానన్నది లెక్క. రెండైతే మంచి యార్డు. నాలుగైతే ఫర్వాలేదు. మొన్న సంక్రాంతి వెళ్ళిన వారంలో ఒక యార్డులో తొమ్మిది తాగాను. పదోది చేతిలోకి తీసుకోగానే కడుపులో మంట మొదలై, అది క్లీనరుకిచ్చి మజ్జిగ ప్యాకెట్ కొనుక్కున్నాను. ఆ తర్వాతి వారం ఇంకో యార్డులో రెండే. రెండూ తూర్పు తీరంలోవే. అదే బండి, అదే డ్రైవరు, అదే రకం లోడు. తేడా అంతా నేల మీద గీతలు ఎలా గీశారన్న దాంట్లోనే ఉంది.

పేర్లు రాయను. రేపు మళ్ళీ ఆ గేట్లోకే పోవాలి నేను. మా బండ్లు విశాఖ, పరదీప్, హల్దియా, చెన్నై వైపు అన్నిటికీ తిరిగినవే కాబట్టి ఏది ఏదని ఊహించే పని పెట్టుకోకండి. ఒకదాన్ని పాత యార్డు అంటాను, రెండోదాన్ని కొత్త యార్డు.

నాది గంజాం జిల్లా. పుట్టింది ఛత్రపురం దగ్గర ఆర్యపల్లి, ఉంటున్నది బరంపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగు అక్షరాలు మా నాయన పడవకి పేరు రాయిస్తుంటే పక్కన నిలబడి నేర్చుకున్నవి, తప్పులుంటే సర్దుకోండి. పంతొమ్మిదేళ్ళు ఒకళ్ళ బండ్లు నడిపి, తర్వాత రెండు ట్రైలర్లు కొన్నాను. అందులో ఒకటి ఇప్పటికీ బ్యాంకుదే. రాయగడ వైపు నుంచి ఫెర్రో క్రోమ్ పోర్టుకి తీసుకెళ్తాను, వచ్చేటప్పుడు ఆఫ్రికా జీడిపిక్కలు దొరికితే తెస్తాను. ఫెర్రో క్రోమ్ అంటే స్టీలు తయారీలో కలిపే లోహం, చిత్రమైన సరుకు. ఇరవై అడుగుల బాక్సులో సగం కూడా నిండదు, బరువు మాత్రం నిండిపోతుంది. జీడిపిక్కలు దానికి తిరగబడ్డ సరుకు, గోనె బస్తాలు కప్పుదాకా పేర్చాలి.

ముందు పాత యార్డు.

పొద్దున్న ఆరున్నరకి లైన్లో పెట్టాను. ముందు నలభై రెండు బండ్లున్నాయి, క్లీనరు గుంటడు దిగి నడుచుకుంటూ పోయి లెక్కపెట్టొచ్చాడు. లోడు దింపి, అక్కడే దిగుమతి బాక్సు ఎక్కించుకోవాలి. ఒకే గేట్లో దింపుడూ ఎక్కుడూ రెండూ పడితే ట్రైలరోడికి పండగ లెక్క, ఖాళీగా తిరిగే కిలోమీటర్లు ఉండవు.

గేటుకి నాలుగు లైన్లు. బయటి నుంచి చూస్తే అబ్బో అనుకుంటాం. లోపలికెళ్ళాక నాలుగూ కలిసి ఒక్కటైపోతాయి, ఎందుకంటే కాటా ఒక్కటే, అదీ గేటు దాటిన తర్వాత వంద గజాల లోపల. 2016 జూలై 1 నుంచి ఓడెక్కే ప్రతి లోడు బాక్సుకీ తూచిన బరువు కాగితం ఉండాలన్నది ప్రపంచమంతటా ఉన్న రూలు. మంచి రూలే. బరువు బాక్సు పైకీ, తేలిక బాక్సు కిందికీ పడితే ఓడకే ముప్పు. కానీ కాగితం మీద ఒక అంకె, కాటా మీద ఇంకో అంకె వచ్చిన బండి వెనక్కి తిరగడానికి చోటేదీ? దాని వెనకాల మేమంతా ఉన్నాం. ఒక్క బండి రివర్సులో బయటికి రావాలంటే పద్నాలుగు బండ్లు వెనక్కి జరగాలి. ఆ రోజు రెండుసార్లు జరిగాం. మూడు టీలు అక్కడే అయిపోయాయి.

కాటా దాటితే రైలు పట్టాలు. పోర్టు లోపలికి రైలు రావడం మంచిదే, దాని గురించి కిందన చెప్తాను. ఇక్కడ గొడవేంటంటే ఆ పట్టాలు లారీల తోవని అడ్డంగా కోసుకుంటూ పోతాయి. రేకు, అంటే గూడ్సు వ్యాగన్ల వరస మొత్తం, లోపలికి వస్తున్నప్పుడు గేటు వేస్తారు. వ్యాగన్లు ముందుకీ వెనక్కీ కదులుతూ ఉంటాయి, మేం ఇంజిన్లు ఆన్ చేసుకుని వాటినే చూస్తూ కూర్చుంటాం. మా ఊరి లెవెల్ క్రాసింగు దగ్గర కూర్చున్నట్టే ఉంటుంది, పల్లీలమ్మేవాడు ఒక్కడే తక్కువ.

దింపడం మాత్రం ఇరవై నిమిషాల్లో అయిపోయింది. అది చెప్పకపోతే పాపం. ఎగుమతి బాక్సు దింపడానికి ఆలోచన అక్కర్లేదు కదా, ఖాళీ ఉన్న చోట పెట్టేస్తారు. అసలు కథంతా ఎక్కించుకోవడంలో.

నాకిచ్చిన చీటీ మీద సి బ్లాకు, 23 బే, 4 రో, 1 టైర్ అని ఉంది. తెలీనివాళ్ళకి చెప్తాను, అది బాక్సు చిరునామా. బ్లాకు అంటే వీధి. బే అంటే వీధిలో ఇంటి నంబరు. ఇరవై అడుగుల బాక్సులకి బేసి అంకెలు, నలభై అడుగులవాటికి సరి అంకెలు వేస్తారు. రో అంటే అడ్డ వరస, టైర్ అంటే అంతస్తు. ఒకటో టైర్ అంటే నేల మీదున్నది. చీటీ చూడగానే నాకు అర్థమైపోయింది, మా గుంటడికి ఇంకా అర్థం కాలేదు.

"భాయినా, మన బాక్సు ఆ నీలంరంగుదేనా?"

"నీలం కాదురా, దాని కింద మెరూన్, దాని కింద బూడిద, ఆ కింద తుప్పుపట్టినట్టుంది చూడు. అది."

ఆర్‌టీజీ అంటే రబ్బరు చక్రాల పెద్ద క్రేను. నాలుగు కాళ్ళ మధ్యలో ఆరు వరసల బాక్సులు, ఏడోది మా బండి నిలబడే సందు. దాని కాళ్ళ దగ్గరే డీజిల్ జనరేటరు, అది ఆగేది లేదు. క్రేను నీలంబాక్సుని ఎత్తి పక్క రోలో పెట్టింది. మెరూన్‌ని ఆ పక్క రోలో పెట్టింది. బూడిదరంగుది పట్టుకుని గాల్లో కాసేపు ఆగింది, ఎక్కడ పెట్టాలా అని పైన కూర్చున్నవాడు ఆలోచిస్తున్నట్టున్నాడు, చివరికి రెండో రో మీద పెట్టాడు. నాలుగోసారి ఎత్తింది నా బాక్సు. లాకులు పడ్డ చప్పుడు వినగానే నేను చేతులు జోడించాను. అప్పుడు వెనక నుంచి హారన్. నా వెనకాల నిలబడ్డ బండివాడి బాక్సు రెండో రోలోనే ఉందట! నా కోసం తీసిన బూడిదబాక్సుని వాడి నెత్తిన పెట్టారు. వాడు కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను తిట్టాడు. నేనేం చేస్తాను? బాక్సు పెట్టింది నేనా?

బయటికొచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండూ పది. లోపలా బయటా కలిపి ఐదు గంటల నలభై నిమిషాలు. బండి ఆపుకుని కూర్చోవచ్చుగా అంటారు. లైను పది నిమిషాలకోసారి పది అడుగులు జరుగుతుంది, ఆపితే వెనకవాడు ఒప్పుకోడు, ఆపి ఆపి స్టార్ట్ చేస్తే సెల్ఫు పోతుంది. నిలబడి ఉన్నా నా బండి గంటకి రెండు లీటర్లకి పైనే తాగుతుంది. పదమూడు లీటర్లు వేసుకోండి. దక్షిణానికి పోయే ప్రతిసారీ గిరిసోల దాటకముందే మన వైపు బంకులో ట్యాంకు నింపుకుని, ఆంధ్రాలో కంటే లీటరుకి నాలుగు డబ్బులు తక్కువ పడిందని సంబరపడేవాణ్ణి నేను. ఆ మిగిలిందంతా ఒక్క లైన్లో పొగై పోయింది. లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుందని మా మేనల్లుడు చెప్పాడు. పదమూడు లీటర్లకి దాదాపు ముప్ఫై ఐదు కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తా, దాని మీద ఇంకో పది కిలోలు. నేనొక్కణ్ణే. నా ముందు నలభై రెండు బండ్లున్నాయి, వెనకెన్నున్నాయో గుంటడు లెక్కపెట్టలేదు.

నా డీజిలుతో అయిపోతే అదో రకం. బాక్సులో ఉన్నవి జీడిపిక్కలు. ఓడలో తడిగాలి తగిలి వచ్చిన సరుకు, ఎండలో ఇనప డబ్బాలో ఉంటే లోపల చెమట పడుతుంది, కప్పు నుంచి చుక్కలు రాలి పై బస్తాల మీద మరకలు కడతాయి. ఫ్యాక్టరీ వాకిట్లో మేస్త్రీ పిడికెడు పిక్కలు కోసి చూస్తాడు, ఎనభై కిలోల బస్తాకి ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుందన్నదే బేరం. పిక్క నల్లబడితే ధర పడిపోతుంది. దీనికి తోడు షిప్పింగు లైనువాళ్ళు ఉచితంగా ఇచ్చిన రోజులు దాటితే బాక్సుకి రోజుకింత అని డిటెన్షను. ఆ ట్రిప్పులో ఒక రోజు దాటింది. సరుకు సేటు ఏమన్నాడో తెలుసా? "నీ వల్లే కదా లేటయింది, కిరాయిలో పట్టుకుంటాను" అన్నాడు. నేను ఆగినందుకు రావాల్సిన హాల్టింగు డబ్బు సంగతి ఎత్తితే ఫోను కట్. ఇదంతా ఎక్కడ మొదలైంది? ఎవరో ఆఫీసులో కూర్చుని కాటాని గేటు లోపల గీసిన రోజు మొదలైంది.

ఇక్కడ మా మేనల్లుడి గురించి చెప్పాలి. మా పెద్దక్క కొడుకు, గల్ఫులో ఒక టెర్మినల్లో యార్డు ప్లానరు, ఏ బాక్సు ఎక్కడ పెట్టాలో చూసే పని. ఆ రోజు రాత్రి ధాబా దగ్గర వీడియో కాల్ చేసి నా గోడంతా వెళ్ళబోసుకుంటే నవ్వాడు.

"మావయ్యా, నీ క్యారేజీ ఉందా పక్కన?"

"ఉంది."

"అన్నం ఎక్కడుంది?"

"అడుగు గిన్నెలో."

"తియ్యాలంటే?"

"పెరుగూ కూరా పప్పూ పక్కన పెట్టాలి."

"అంతే. నాలుగు గిన్నెల్లో ఏది కావాల్సొస్తుందో ముందుగా తెలీకపోతే సగటున ఒకటిన్నర గిన్నె ఊరికే ఎత్తాలి. ఐదు గిన్నెలైతే రెండు. మూడే అయితే ఒకటి."

"అయితే మూడే పేర్చొచ్చుగా?"

"పేర్చొచ్చు. చోటు కావాలి. చోటు కావాలంటే సముద్రాన్ని పూడ్చాలి, లేదా మడ అడవి కొట్టాలి, లేకపోతే మన ఆర్యపల్లిలాంటి ఊరినొకదాన్ని లేపాలి. పోనీ చోటు దొరికిందనుకో, జెట్టీ నుంచి స్టాకుకి, అంటే బాక్సుల దొంతరకి, దూరం పెరుగుతుంది, లోపల తిరిగే మా బండ్లకి డీజిల్ పెరుగుతుంది."

ఊరిని లేపడం అన్న మాట నాకు గుచ్చుకుంది. ఎత్తు పేరిస్తే తవ్వుడు, పరిచి పెడితే ఊళ్ళు. ఇది ఇంత చిక్కు లెక్కని అప్పటిదాకా అనుకోలేదు, క్రేను వాణ్ణి తిట్టడంతో సరిపెట్టుకునేవాణ్ణి.

వాడే కాగితం మీద గీసి చూపించాడు. మన దగ్గర ఎక్కువగా బ్లాకుల్ని జెట్టీ పొడుగునా, దానికి సమాంతరంగా వేస్తారు. మా లారీలు స్టాకుల మధ్య సందుల్లోకి, బాక్సు ఉన్న చోటికే వెళ్తాయి. లోపల తిరిగే బండ్లూ అవే సందుల్లోకి వస్తాయి. యూరప్‌లో కొన్ని చోట్ల బ్లాకుల్ని జెట్టీకి నిలువుగా తిప్పేశారు. ఒక కొసన ఓడ పని, రెండో కొసన లారీ పని. లారీ స్టాకుల్లోకి పోనే పోదు. కొస దగ్గర రివర్సు పెట్టి నిలబడితే, పట్టాల మీద నడిచే కరెంటు క్రేను బాక్సు తెచ్చిస్తుంది. రోటర్‌డామ్‌లో 1993 నుంచి డ్రైవరు లేని బండ్లు జెట్టీ దగ్గర బాక్సులు మోస్తున్నాయట. హాంబర్గులో ఆల్టెన్‌వెర్డర్ అనే టెర్మినల్ 2002లో తెరిచినప్పటి నుంచీ నిలువు పద్ధతే. లారీకీ లోపలి బండికీ ఎదురుపడే పనే లేదు. దానికీ ఒక తలనొప్పి ఉంది. క్రేనే బాక్సుని మోసుకుంటూ బ్లాకు పొడుగునా పరిగెత్తాలి, ఒక బ్లాకుకి ఉన్నవే ఒకటో రెండో క్రేన్లు, అందులో ఒకటి మొరాయిస్తే ఆ వీధి వీధంతా ఆగిపోతుంది.

ఏది మేలురా అంటే, సరుకెక్కడికి పోతుందో దాన్నిబట్టి మావయ్యా అన్నాడు. కేరళలో 2025 మే 2న ప్రారంభించిన విళింజంలాంటి చోట పని ఎక్కువగా ఓడ నుంచి ఓడకే. అక్కడ లారీ గేటు పెద్ద విషయమే కాదు. గేటు నుంచి వచ్చిపోయే సరుకు ఎక్కువైతే గేటు వైపు నుంచి గీయడం మొదలుపెట్టాలి. మన దగ్గర గీసేవాళ్ళు మొదట ఓడని గీస్తారు, తర్వాత క్రేను, తర్వాత స్టాకు, మిగిలిన తెల్ల కాగితంలో లారీ. ఈ మాట వాడిది కాదు, నాది.

ఇంకోటి. 2024లో పేపర్లలో వచ్చింది, ప్రపంచ బ్యాంకు వేసిన 2023 కంటైనర్ పోర్టుల ర్యాంకుల్లో విశాఖ 19వ స్థానం. అంతకుముందు ఏడాది 115. క్రేనుకి గంటకి 27.5 బాక్సులు, ఓడ వచ్చి వెళ్ళిపోవడానికి 21.4 గంటలు. మా బరంపురంలో కూడా ట్రైలరోళ్ళం గర్వంగా చెప్పుకున్నాం, పక్క ఊరి పోర్టు కదా. తర్వాత మేనల్లుడు చెప్తే తెలిసింది, ఆ ర్యాంకు ఏ పోర్టుకైనా ఓడ ఎంతసేపు ఆగిందన్న లెక్క మీదే వేస్తారట. లారీ ఎంతసేపు ఆగిందన్నది అందులో లేదు. లారీకి కూడా ఒక ర్యాంకు వేస్తే చూడాలని ఉంది. ఈ డబ్బా వ్యాపారాన్ని 1956 ఏప్రిల్ 26న నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కి 58 పెట్టెలు ఓడ మీద పెట్టి మొదలుపెట్టిన మాల్కం మెక్లీన్ అసలుకి లారీల ఓనరు. ఆయన వారసులం మేం బయట లైన్లో ఉన్నాం.

సరే, కొత్త యార్డు.

దీనికి రెండు టీలే అయ్యాయని ముందే చెప్పాను. ఆ రెండింటిలో ఒకటి ఊరికే తాగాలనిపించి తాగింది.

గేటుకి కిలోమీటరున్నర ముందే పెద్ద పార్కింగు. కాటా అక్కడే ఉంది, దాని పక్కనే వెనక్కి తిరిగే రోడ్డు. బరువు తేడా వచ్చినవాడు గుండ్రంగా తిరిగి బయటికి పోతాడు, ఎవడికీ అడ్డం కాదు. ఇంత చిన్న విషయం! ఇంజిన్ ఆపి కూర్చోవచ్చు, బోర్డు మీద మన బండి నంబరు పడితేనే కదలాలి. గేట్లో ఎవడూ కాగితం అడగలేదు, పైనున్న కెమెరాలు బండి నంబరూ బాక్సు నంబరూ చదివేశాయి. లోపల రోడ్డు అంతా ఒకే దిక్కుకి, గడియారం ముల్లుకి ఎదురుగా. ఎదురు బండి అన్న మాటే లేదు. దిగుమతి బ్లాకులు గేటు వైపు, ఎగుమతి బ్లాకులు జెట్టీ వైపు. రొయ్యల రీఫర్లు, అంటే సరుకు చల్లగా ఉంచే బాక్సులు, కరెంటు ప్లగ్గులున్న రాక్‌ల దగ్గర ఒక పక్కన. ఖాళీ డబ్బాలకి వేరే గేటు, వేరే పేట.

క్రేన్లు అవే ఆర్‌టీజీలు, కానీ డీజిల్ కాదు, కరెంటు. బ్లాకు పక్కన కడ్డీలు పాతి, వాటి నుంచి కరెంటు తీసుకుంటాయి. మొదట ఏదో తేడాగా ఉందేంటా అనుకున్నాను. తర్వాత తెలిసింది, చప్పుడు లేదు. క్రేను కింద నిలబడి ఫోన్లో మా ఆవిడతో మామూలు గొంతుతో మాట్లాడాను. పాత యార్డులో అయితే అరవాలి, ఆవిడ నేను కోప్పడుతున్నాననుకుని ఫోను పెట్టేస్తుంది. కరెంటు క్రేనుకీ ఒక లోపముంది. ఒక బ్లాకుకి కట్టేసిన ఎద్దులాంటిది. పక్క బ్లాకులో పని ఎక్కువైతే డీజిల్‌ది దొర్లుకుంటూ పోతుంది, దీనికి కడ్డీ విడిపించి, బ్యాటరీ మీదో చిన్న ఇంజిన్ మీదో నెమ్మదిగా జరపాలి. అందుకే గీతలు గీసేటప్పుడే ఏ బ్లాకులో ఎంత పనుంటుందో తెలిసి ఉండాలి.

నా బాక్సు ఈసారి 3వ టైర్లో ఉంది, దాని మీద ఏమీ లేదు. అదృష్టం అనుకున్నాను. కాదట. స్లాటు, అంటే గేట్లోకి వెళ్ళే టైము, బుక్ చేసుకున్నప్పుడే రేపు పొద్దున్న ఎనిమిదికి ఫలానా బాక్సు కావాలని వాళ్ళకి తెలిసిపోతుంది. రాత్రి ఓడ పని పలచబడ్డప్పుడు క్రేను దాని మీదున్నవి తీసి సర్దేస్తుంది. ఎత్తుడు తగ్గలేదు, కానీ ఆ ఎత్తుడు జరుగుతున్నప్పుడు కింద లారీలు పొగ కక్కుతూ నిలబడి లేవు. స్లాటు అంటే మమ్మల్ని అదుపులో పెట్టడానికనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ.

రైలు పట్టాలు ఈ యార్డు వెనక అంచునే ఆగిపోతాయి, లారీ తోవని ఎక్కడా కోయవు. ఒక రేకుకి 45 వ్యాగన్లు, తొంభై ఇరవై అడుగుల బాక్సులు. తొంభై ఫెర్రో బాక్సులంటే ఒక్కోదానికి ఒక ట్రైలరు చొప్పున తొంభై బండ్లు రోడ్డెక్కక్కర్లేదు. నా పొట్ట మీద కొట్టే లెక్కే ఇది, అయినా లెక్క లెక్కే. రాయగడ ఘాటీ దిగేటప్పుడు ఇరవై ఆరు టన్నులు వెనక నుంచి తోస్తుంటే, ఇది రైల్లో పోతే బాగుణ్ణని నాకే చాలాసార్లు అనిపించింది.

ఖాళీ డబ్బాల సంగతి దీనికంటే పెద్దది. మామూలుగా ఏమవుతుందంటే, జీడిపిక్కలు దింపాక ఖాళీ డబ్బాని షిప్పింగు లైను చెప్పిన ఖాళీ యార్డులో ఇవ్వాలి. అది టెర్మినల్ నుంచి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఎక్కడో ఉంటుంది. మర్నాడు ఫెర్రోకి ఇంకో లైను డబ్బా ఇంకో యార్డు నుంచి తీసుకుని మళ్ళీ రాయగడ పోవాలి. ఖాళీ డబ్బా ఇచ్చి ఖాళీ డబ్బా తెచ్చుకోవడానికి రానూ పోనూ మూడు నాలుగు వందల కిలోమీటర్లు. బిందె తీసుకుపోయి నూతి దగ్గర పడేసి, పక్కింటివాళ్ళ బిందె తెచ్చుకున్నట్టు. కొత్త యార్డులో ఖాళీల పేట పక్కనే ఉండటం వల్ల ఆ పది కిలోమీటర్లు మిగిలాయి. ఆ ట్రిప్పులో ఇంకా మంచి జరిగింది. రెండు సరుకులకీ షిప్పింగు లైను ఒకటే కావడంతో, దింపిన డబ్బానే శుభ్రం చేసి ఫెర్రోకి వాడుకోమని ఒప్పుకున్నారు. ఏడాదికి రెండు మూడుసార్లు మించి పడదు అలా.

ఇక తిట్లు. కొత్త యార్డుకీ ఉన్నాయి.

స్లాటు గంట. ఇక్కడే పోర్టు పక్కన కంటైనర్లు నింపి ఖాళీ చేసే గోదాము, అదే సీఎఫ్‌ఎస్ బండివాడికి గంట చాలు. మూడు వందల కిలోమీటర్ల అవతల నుంచి వచ్చేవాడు హైవే మీద ఎవడో బోల్తా కొడితే ఏం చేస్తాడు? అర్ధగంట ఆలస్యమైతే మర్నాటి స్లాటు, అదీ ఖాళీ ఉంటే. దూరాన్నిబట్టి స్లాటు పెద్దది చేస్తే ఏం పోతుంది? తుఫాను రోజుల్లో మరీ అన్యాయం. అక్టోబరు వస్తే మాకు గుండె దడ. 2013లో ఫైలిన్ 12వ తేదీనే, 2014లో హుద్‌హుద్ 12వ తేదీనే, 2018లో తిత్లీ 11న. గాలొస్తుందంటే ఖాళీ డబ్బాల స్టాకులు ముందు తగ్గించి కట్టాలి, లేకపోతే అట్టపెట్టెల్లా ఎగురుతాయి, అది న్యాయమే. కానీ రద్దయిన స్లాటు తిరిగి ఇవ్వరు, లైన్లో చివరికి పొమ్మంటారు.

బోర్డులన్నీ ఇంగ్లీషులో, హిందీలో. బండ్లు నడిపేవాళ్ళలో సగం మంది తెలుగు, ఒడియా. ఒకే దిక్కుకి తిరగాలన్న సంగతి మా గుంటడికి నేను చదివి చెప్తే తెలిసింది.

లైట్లు కూడా. ఇది డ్రైవరుకి సంబంధించింది కాదు, మా ఆవిడకి సంబంధించింది. ఆవిడ పుట్టిల్లు పొడంపేట, రుషికుల్య సముద్రంలో కలిసే చోటు. తాబేళ్ళు వేలకొద్దీ వచ్చి గుడ్లు పెట్టేది అక్కడే. పిల్లలు రాత్రిపూట ఇసకలోంచి బయటికొచ్చి ఎటు వెలుతురుంటే అటు పరిగెడతాయి, మామూలుగా అది సముద్రమే. కరెంటు దీపం కనబడితే ఊళ్ళోకొచ్చేస్తాయి. చిన్నప్పుడు ఆ రోజుల్లో వాకిట్లో బుడ్డి కూడా పెట్టనిచ్చేవారు కాదని చెప్తుంది. కొత్త యార్డు ఫోటో పంపిస్తే క్రేను చూడలేదు, పొగ లేకపోవడం చూడలేదు, "అంత ఎత్తున ఆ దీపాలేంటి, సముద్రం వైపు కూడా వేశారు" అంది. ఆ స్తంభాల దీపాలకి సముద్రం వైపు ఒక రేకు మూత పెట్టొచ్చు. యార్డు లోపలికి వెలుగు తగ్గదు. మేనల్లుణ్ణి అడిగితే, గీసేటప్పుడే అనుకుంటే పైసా ఖర్చు కాదు మావయ్యా, తర్వాత పెట్టాలంటే టెండరు అన్నాడు.

అన్నిటికంటే పెద్ద తిట్టు మరుగుదొడ్డి గురించి. కెమెరాలు, కరెంటు క్రేన్లు, ఫోన్లో స్లాట్లు అన్నీ పెట్టిన మహానుభావులు పార్కింగులో రెండు వందల బండ్లకి రెండు దొడ్లు కట్టారు. పోయినసారి ఫిర్యాదు పుస్తకంలో తెలుగులోనే రాశాను, నీళ్ళు లేవు, తలుపుకి గడియ లేదు అని. ఈసారి వెళ్తే డ్రమ్ము నిండా నీళ్ళు పెట్టారు, గడియ కాదు ఏకంగా తాళమే వేశారు. తాళంచెవి సెక్యూరిటీ దగ్గర ఉంటుంది. పొద్దున్న ఆరుకీ మధ్యాహ్నం రెండుకీ వాళ్ళ షిఫ్టు మారుతుంది, ఆ అరగంట తాళంచెవి ఎవరి జేబులో ఉందో ఎవరికీ తెలీదు. ఆ టైముకి స్లాటు తీసుకోకండి.